కురుక్షేత్రం చూడబోతున్న మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి అయిన మేనకోడలికి మేనమామ ఆశీస్సులు.

తిరునాళ్లకు ఊరు వెళుతున్నామనీ, ఆ రాత్రి గుడి ముందు కురుక్షేత్రం నాటకం ఆడుతున్నారనీ, పిల్లలకు కూడా చూపించాలని ఉందనీ, దాన్ని ఎలా చూడాలో చెప్పమనీ రాశావు. నువ్వూ అల్లుడుగారూ ఫోనులో పాత పద్యాలు వింటూనే ఉంటారు కనుక నాటకం మీకు కొత్త కాదు. నా దిగులంతా అక్కడే ఉంది. ఈ పద్యాలను ప్రాణంగా ప్రేమించేవాళ్లే తీరా నాటకానికి వచ్చి, రెండు సీన్లు చూసి, పెదవి విరిచి లేచిపోవడం నేను చాలాకాలంగా గమనిస్తూ వచ్చాను. నీకు అలా జరగకూడదని ఈ ఉత్తరం కొంచెం వివరంగా రాస్తున్నాను.

చెవిలో నిలిచిపోయిన గొంతును ఆ ఒక్క రాత్రికి పక్కన పెట్టి వెళ్లు. పీసపాటి నరసింహమూర్తి గారివో, షణ్ముఖి ఆంజనేయరాజు గారివో, ఈలపాట రఘురామయ్య గారివో కృష్ణుడి పద్యాలు విని విని, ఆ పద్యమంటే ఆ గొంతేనని మనకు స్థిరపడిపోతుంది. ఆ తరువాత వేదిక మీద ఎవరు నోరు విప్పినా మనం అతణ్ని వినం, అతనికీ ఆ పాత గొంతుకూ మధ్య ఉన్న తేడాను లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాం. సినిమా పాట విషయంలో ఆ పోలిక కొంత న్యాయమే. సంగీత దర్శకుడు కట్టిన వరస ఒకటి ఉంటుంది గనుక, ఎవరు పాడినా దానికి కట్టుబడక తప్పదు. నాటక పద్యానికి అటువంటి మూల వరస లేదు. ఈ నాటకం రాసిన జంటకవులు, తిరుపతి వేంకట కవులు, ఛందస్సులో పద్యం రాసి ఇచ్చారు. ఏ రాగంలో ఎత్తుకోవాలో, ఎక్కడ ఆగాలో, ఏ మాటను సాగదీయాలో ప్రతి నటుడూ తన గొంతును బట్టీ, తన గురువును బట్టీ నిర్ణయించుకుంటూ వచ్చాడు. ఒకరు మోహనలో ఎత్తుకున్న పద్యాన్నే మరొకరు కల్యాణిలో ఎత్తుకున్నా అది ఈ రంగంలో తప్పు కాదు. నీ ఫోనులో ఉన్నది ఒక గొప్ప నటుడు ఒకానొక రోజున ఆ పద్యాన్ని అర్థం చేసుకున్న తీరు. తిరునాళ్ల రాత్రి నీ ముందు నిలబడే నటుడికి కూడా తనదైన తీరు ఒకటి ఉంటుంది. దానిని వినడానికే నువ్వు అంతదూరం వెళుతున్నావు.

వెళ్లేముందు ఇంట్లో నాటకం పుస్తకం ఒకసారి చదువుకో. కురుక్షేత్రం అనేది వాడుకలో స్థిరపడిన పేరు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి జంటగా రాసిన పాండవ నాటకాలలో ‘పాండవోద్యోగము’, ‘పాండవ విజయము’ అనే రెండింటి నుంచి ఏరిన దృశ్యాలను కలిపి ఆ పేరుతో ఆడుతారు. అందువల్ల ఒక ఊళ్లో ఆడిన సీను మరొక ఊళ్లో ఉండకపోవచ్చు. నాటకం పెట్టించిన పెద్దలను ముందే అడిగి ఏయే సీన్లు ఉన్నాయో తెలుసుకుని, ఆ పద్యాలకు తాత్పర్యం చూసి పెట్టుకో. భాష గ్రాంథికం, లౌడుస్పీకరులో, జనం మధ్యలో, రాగంలో సాగిపోయే పద్యానికి అర్థం అప్పటికప్పుడు తట్టడం నాకే కష్టం, పిల్లలకు చెప్పనక్కరలేదు. అర్థం తెలిసి విన్న పది పద్యాలు, తెలియక విన్న రాత్రంతటికన్నా ఎక్కువ ఇస్తాయి.

ఇంకొక సంగతి పిల్లలకు ముందే చెప్పి ఉంచు. ఊళ్లలో ఆడేవి చాలావరకు కాంట్రాక్టు నాటకాలు. కాంట్రాక్టరు ఒక్కో ఊరి నుంచి ఒక్కో నటుణ్ని పిలిపిస్తాడు. కృష్ణుడు ఒక ఊరివాడు, దుర్యోధనుడు మరొక ఊరివాడు, హార్మోనిస్టు ఇంకొక చోటివాడు. వాళ్లందరూ కలిసి రిహార్సలు వేసుకోవడమనేది సాధారణంగా ఉండదు. ఆ సాయంత్రం మేకప్ వేసుకునే చోట కలుసుకుని, రాత్రి వేదిక మీద ఒకరి పద్యానికి ఒకరు బదులు చెప్పుకుంటారు. నాటకం మొత్తం ప్రతి ఒక్కరికీ కంఠతా వచ్చి ఉండడం వల్లనే ఇది సాధ్యమవుతోంది. ఈ విద్యను మన నగరాల చదువరులు తక్కువగా చూడడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. కృష్ణుడు కూడా ఒక్కడే ఉండడు. కృష్ణుడు నిద్ర లేచే పడక సీనుకు ఒకరు, కౌరవ సభలో రాయబారానికి ఒకరు, యుద్ధానికి మరొకరు రావడం మామూలు. ఇందాకటి కృష్ణుడు ఏమయ్యాడని పిల్లలు అడుగుతారు. పాత్ర ఒక్కటే, దానిని మోసేవారు మారుతున్నారని చెబితే వాళ్లు పెద్దలకన్నా త్వరగా ఒప్పుకుంటారు.

నాటకం రాత్రి పదింటికి అని కరపత్రంలో వేసినా ఆలస్యమవుతుంది. అయినా నువ్వు మాత్రం ప్రార్థనకు ముందే చేరు. తెర వెనుక నటులందరూ నిలబడి, చందాల కేశవదాసు గారు రచించిన ‘పరబ్రహ్మ పరమేశ్వర’ పాడుతారు. ఆ రాత్రి శ్రుతి ఎక్కడ పెట్టారో, హార్మోనిస్టు ఎంతటివాడో, ఏ గొంతు ఎంత బలంగా ఉందో ఆ కొద్ది నిమిషాలలోనే తెలిసిపోతుంది. కూర్చునే చోటు విషయంలో నా మాట విను: లౌడుస్పీకరు పెట్టెకు ఎదురుగా ఎన్నడూ కూర్చోవద్దు, నాటకం మొత్తం ఒకే రొదగా వినబడుతుంది. హార్మోనిస్టు కూర్చున్న పక్కకు, వేదికకు నాలుగైదు వరసల దూరంలో చాప వేసుకో. నటుడు పద్యం ఎత్తుకునే ముందు హార్మోనిస్టు వైపు చూసే చూపూ, పద్యం చివర అతను స్వరం అందించే తీరూ, తబలా మోగించే సమయమూ అక్కడి నుంచి కనబడతాయి.

పడక సీను తేలికగా కనిపిస్తుంది గాని నటుడి నేర్పుకు అది మొదటి పరీక్ష. కృష్ణుడు నిద్ర లేచి, ముందుగా కాళ్ల వైపు ఉన్న అర్జునుణ్ని చూసి, తరువాత తల వైపు కూర్చున్న దుర్యోధనుణ్ని పలకరించాలి. ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ అనే పద్యం జనానికి నోటికి వచ్చు కనుక, చాలామంది కృష్ణులు దానిని గొంతు ప్రదర్శించే అవకాశంగా భావించి మొదటి మాటనే ఆకాశానికి ఎత్తుతారు. ఆ పద్యంలో ఉన్నవన్నీ కుశల ప్రశ్నలు: తమ్ములు బాగున్నారా, కొడుకులు బాగున్నారా, నీ కర్ణుడు బాగున్నాడా అని. ఇంటికి వచ్చిన బావను అడుగుతున్నట్టు, అప్పుడే నిద్ర లేచినవాడి నిదానంతో, పెదవి మీద చిరునవ్వుతో పాడగలిగినవాడు కనబడితే, రాగం కొంచెం తక్కువైనా అతణ్ని గుర్తుపెట్టుకో.

ఆ తరువాత వచ్చే ధర్మరాజు దగ్గర జనం టీ కోసం లేస్తారు. నువ్వు లేవవద్దు. ధర్మరాజు పద్యాలకు చప్పట్లు తక్కువ, ఆ వేషానికి హంగు తక్కువ, కాని రాయబారం బరువంతా ఆ పాత్ర మీద ఆధారపడి ఉంది. కౌరవ సభలో కృష్ణుడు ‘అలుగుటయే యెరుంగని’ అనే పద్యం చెబుతాడు గదా. కోపమంటే తెలియని ఆ అజాతశత్రువే కోపగించిననాడు సముద్రాలన్నీ ఏకమైపోవా అని దాని భావం. అంతకుముందు వేదిక మీద నువ్వు చూసిన ధర్మరాజు నిజంగా శాంతంగా, నొచ్చుకుంటూ, సంధి కోసం తపిస్తూ కనిపించి ఉంటేనే ఆ మాటకు ఒళ్లు జలదరిస్తుంది. ధర్మరాజు వేషగాడు గొంతు చించుకుని పాడిన రాత్రి, కృష్ణుడు ఎంత బాగా పాడినా ఆ పద్యం తేలిపోతుంది.

ఇక రాయబారం. నువ్వు ఎదురుచూసేదీ, ఊరంతా ఎదురుచూసేదీ దీని కోసమే కనుక ఇక్కడ ఏమి వినాలో వివరంగా చెబుతాను. ‘చెల్లియో చెల్లకో’ పద్యాన్ని ఇప్పుడు చాలామంది బెదిరింపులా పాడుతున్నారు. అది బెదిరింపు కాదు. చేతనయ్యో కాకో, మీరు చేసిన అపకారాలన్నీ వాళ్లు ఓర్చుకున్నారు, అది గడిచిపోయిన మాట, ఈనాడు నన్ను సంధికి దూతగా పంపారు, నీ పిల్లలూ పాపలూ ప్రజలూ వృద్ధిలోకి వచ్చేటట్టు పొందు చేసుకుంటావో, రేపు యుద్ధమే తెచ్చుకుంటావో తేల్చి చెప్పు అని కౌరవేశ్వరుణ్ని అడిగే ప్రశ్న అది. పద్యమంతా ఆ చివరి ప్రశ్న వైపు నడుస్తుంది. మొదటి రెండు మాటల మీదనే బలమంతా ఖర్చు చేసిన నటుడికి, తేల్చి చెప్పమని అడిగే చోటికి వచ్చేసరికి ఊపిరి ఉండదు.

‘జెండాపై కపిరాజు’ దగ్గర మరింత శ్రద్ధగా విను. శార్దూల వృత్తంలో ఉన్న ఆ పద్యంలో నాలుగు పాదాలూ కలిసి ఒకే వాక్యం. జెండా మీద హనుమంతుడు, ముందు తెల్లని గుర్రాలు, చేత దండం పట్టి తోలుతున్న కృష్ణుడు, రథం మీద వింటినారి సారిస్తూ గాండీవం ధరించిన అర్జునుడు, ఇలా చిత్రం పాదం వెంట పాదంగా పెరుగుతూ పోయి, అప్పుడు నీ మొర ఆలకించేవాడు ఒక్కడూ ఉండడని కురురాజుకు చెప్పడంతో ముగుస్తుంది. మొదటి పాదం చివర ఉన్న ‘నే’ అనే అక్షరం రెండో పాదానికి చెందినది. మూడో పాదం చివర ‘ఒక్కండు’ అనే మాట సగానికి విరిగి నాలుగో పాదంలోకి పోతుంది. పాదం ముగిసింది గదా అని అక్కడ రాగం పట్టుకుని నిమిషం సేపు తిప్పే నటుడు, మాటను నడుమకు విరిచి, అర్థాన్ని గాలికి వదిలినట్టే. తెలిసిన నటుడు ఆ విరుపు మీదుగా ఒకే ఊపిరిలో దాటి, మాట పూర్తయ్యాక, లేదా పద్యం ముగిశాక రాగం తీస్తాడు. అప్పుడు ఆ రాగం మాట వెనుక వచ్చే భావంలా వినబడుతుంది. నాకు రాగం మీద ఏ కోపమూ లేదు. రాగం లేని పద్య నాటకాన్ని నేను ఊహించలేను. రాగం పద్యానికి తోడుగా రావాలి, పద్యాన్ని కప్పివేయకూడదు అన్నదే నా పట్టుదల.

దుర్యోధనుణ్ని దుర్మార్గుడిగా మాత్రమే చూడవద్దని పిల్లలకు చెప్పు. మాధవపెద్ది వెంకట్రామయ్య గారు, ఆచంట వెంకటరత్నం నాయుడు గారు ఆ వేషంతోనే పేరు తెచ్చుకున్నారు. అభిమానం ఉన్న రాజుగా, ఎదుట కృష్ణుడున్నా తల వంచనివాడిగా అతను నిలబడితేనే రాయబారానికి ఉత్కంఠ ఉంటుంది.

వన్స్‌మోర్ గురించి అడిగావు. అడగవచ్చు. అది ఈ నాటకంలో ప్రేక్షకుడి హక్కు, నటుడికి గౌరవం. అయితే ఊపిరి ఎంతసేపు నిలిపాడన్నదానికి అడగకు. పద్యం అర్థం నీ మనసుకు తాకినప్పుడు అడుగు. ఎదుటి నటుడు బదులు పద్యం ఎత్తుకున్న తరువాత మాత్రం అరవకూడదు, అతని శ్రుతి చెదిరిపోతుంది. పట్టణాలలో జరిగే నాటక పరిషత్తు పోటీలకు ఎప్పుడైనా వెళితే అక్కడ వన్స్‌మోర్ అడగవద్దు. వాళ్లు సమయానికి కట్టుబడి ఆడుతారు. ఊళ్లో నడుమ నడుమ నాటకం ఆపి మైకులో చదివింపులు చదువుతారు. చికాకు పడకు. ఫలానావారు ఫలానా పాత్రధారికి ఇంత ఇచ్చారని పేరు చదివే ఆ పద్ధతి వల్ల నటుడికి ఒప్పుకున్న కూలి మీద నాలుగు రూపాయలు చేరుతాయి. నువ్వూ ఇవ్వు, ముఖ్యంగా హార్మోనిస్టుకు, తబలా వాయించినతనికి. వాళ్లను జనం తరచు మరిచిపోతారు.

పిల్లలు నిద్రపోతే పోనీ. దుప్పట్లు తీసుకువెళ్లు, తెల్లవారుజామున మంచు పడుతుంది. రాయబారానికి మాత్రం ముఖం కడిగించి లేపు. రాయబారం కాగానే సగం జనం ఇళ్లకు వెళ్లిపోతారు, కార్లు బయలుదేరుతాయి, అల్లుడుగారు కూడా వాచీ చూసుకుంటారు. వీలైతే ఉండండి. యుద్ధ దృశ్యాలను తక్కువ మంది ముందు, అలసిన గొంతులతో ఆడుతారు. గొంతు అలసినప్పుడు కొందరు నటులు రాగాలు తగ్గించి మాటను ఆశ్రయిస్తారు, ఆ వేళ విన్న పద్యాలు నాకు మిక్కిలి ఇష్టమైనవి.

నాటకం ముగిశాక మేకప్ గదికి వెళ్లి నటులను పలకరించు. రంగు కడుక్కుంటూ, మరుసటి రాత్రి మరొక ఊరికి చేరవలసిన బస్సు గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. చాలా బాగుందనే మాట వాళ్లు రోజూ వింటారు. ఫలానా పద్యంలో ఫలానా మాట దగ్గర మీరు ఆగకుండా దాటారు, అర్థం నాకు అప్పుడు తెలిసింది అని చెప్పు. ఏ రాగంలో ఎత్తుకున్నారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడుగు. వాళ్లు సంతోషంగా చెబుతారు, కొందరైతే అక్కడే పాడి వినిపిస్తారు. వాళ్ల అనుమతి లేకుండా వీడియో తీయవద్దు.

పుస్తకం దొరకకపోతే కబురు చెయ్యి, నా దగ్గర ఉన్న ప్రతిని పంపిస్తాను.

ఇట్లు,
మీ మేనమామ