పాత లంచం సంగతి తర్వాత, గత వారం అడిగింది ఎవరు?

ప్రశ్న: మాది విశాఖపట్నం, మధురవాడ. నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ని. దాచుకున్న డబ్బుతో ఇంటిపై మొదటి అంతస్తు మొదలుపెట్టాను. మూడు లక్షలు ఇస్తేనే పని సాగుతుందని మా వార్డు కార్పొరేటర్ ఫోనులో చెప్పారు. భయపడి ఆయన అనుచరుడికి 50 వేలు ఫోన్‌పే చేశాను. ఇది ఎనిమిది నెలల కిందటి మాట. మిగతాది ఇవ్వలేదని వీధిలో అందరి ముందూ నన్ను దొంగ అని తిట్టారు. తర్వాత పని ఆపమని జీవీఎంసీ (విశాఖ నగర కార్పొరేషన్) నోటీసు వచ్చింది. గత వారం అనుచరుడు మళ్లీ వచ్చి మిగిలిన రెండున్నర లక్షలు అడిగాడు. మొదటి సంభాషణ నా ఫోనులో రికార్డయింది. ఆ ఫోను ఎక్స్‌ఛేంజిలో ఇచ్చేశాను. మా అల్లుడికి వాట్సాప్‌లో పంపిన కాపీ మాత్రం ఉంది. దాన్ని వార్డు గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో పెడదామంటున్నాడు. ఇంగ్లండులో కౌన్సిలర్లకు ప్రవర్తనా నియమావళి ఉందని, అలాగే ఫిర్యాదు చేసి పదవి తీయించమని అక్కడున్న మా అబ్బాయి అంటున్నాడు. పదవీకాలం ముగిస్తే కేసు చెల్లదని కొందరు అంటున్నారు. ఇన్నేళ్లు గౌరవంగా బతికిన నేను ఈ అవమానానికి ఎవరికి ఫిర్యాదు చేయాలి?

జవాబు: మీ ఉత్తరం చివరికి అడిగింది వీధిలో జరిగిన అవమానం గురించే. కేసును తేల్చేది అది కాదు. గత వారం అనుచరుడు వచ్చి రెండున్నర లక్షలు అడిగాడని ఒకే వాక్యంలో రాసి వదిలేశారు. అసలు విషయం అక్కడే ఉంది. ఏ తేదీన వచ్చాడు? ఏ మాటలతో అడిగాడు? కార్పొరేటర్ పంపారని చెప్పాడా? ఎవరైనా విన్నారా? మీరేమని బదులిచ్చారు? వీటిలో ఒక్కదానికీ మీ ఉత్తరంలో జవాబు లేదు. ఇది చదవగానే ఒక తెల్లకాగితం తీసుకుని, గుర్తున్న మాటలను ఉన్నవి ఉన్నట్టుగా, అనుచరుడు వాడిన పదాలతోనే రాసి, కింద తేదీ వేసి పెట్టుకోండి.

లంచం కేసులో మొదట రుజువు చేయాల్సింది అడగడం. డబ్బు చేతులు మారిందని చూపించినంత మాత్రాన సరిపోదు. 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇదే చెప్పింది. ఫిర్యాదుదారు మరణించినా, ఎదురు తిరిగినా పరిస్థితుల సాక్ష్యంతో నిరూపించవచ్చని అంటూనే, అడగడం, పుచ్చుకోవడం రుజువు కావాల్సిందేనని స్పష్టం చేసింది. మీ 50 వేల విషయంలో ఫోన్‌పే చెల్లింపు అనుచరుడి ఖాతాకు వెళ్లిందన్న రుజువు ఉంది. కార్పొరేటర్ అడిగినట్టు చెప్పేది ఆ రికార్డింగ్ ఒక్కటే. దాన్ని మీరు ఎలా కాపాడుకున్నారో చూస్తే బాధగా ఉంది.

చదువు చెప్పిన మనిషి, తన కేసుకు ప్రాణమైన ఫోనును కొన్ని వేల తగ్గింపు కోసం దుకాణంలో ఇచ్చేస్తారా? భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే, అది ఏ పరికరం నుంచి వచ్చిందో చెప్పే ధ్రువపత్రం, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంఖ్య) ఇవ్వాలి. అసలు రికార్డింగ్ ఉన్న పరికరం పోయింది. ఇప్పుడు మిగిలింది మీ అల్లుడి ఫోనే. ఆ ఫోను మార్చకూడదు, ఫార్మాట్ చేయకూడదు, ఆ చాట్‌లోని మెసేజి ఒక్కటీ తీసేయకూడదు. ఆడియోను కత్తిరించడం, శబ్దం పెంచడం వంటివి కూడా చేయవద్దు. ఆ ఫోనుకు సంబంధించి ధ్రువపత్రం ఇవ్వాల్సింది, అవసరమైతే సాక్ష్యం చెప్పాల్సింది ఆయనే. బ్యాంకు నుంచి ధ్రువీకరించిన స్టేట్‌మెంటు కూడా ఈ వారంలోనే తీసుకోండి.

ఆడియోను గ్రూపుల్లో పెట్టాలన్న ఆలోచనను ఇక్కడితో వదిలేయండి. అది బయటికి వచ్చిన గంటలో కార్పొరేటర్ జాగ్రత్త పడతారు. అనుచరుడు మళ్లీ మీ గుమ్మం తొక్కడు. రెండున్నర లక్షలు అడిగిన కేసు అక్కడే ఆగిపోతుంది. పైగా పరువునష్టం కేసు మీ మీదకే వస్తుంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద దానికి రెండేళ్ల వరకు శిక్ష పడవచ్చు. నిజం చెప్పాను, ప్రజల మేలు కోసమే చెప్పాను అన్నది మినహాయింపే. కానీ దాన్ని నిరూపించే భారం పోస్టు పెట్టిన వారిదే. అసలు ఫోను లేకుండా ఆ భారం ఎలా మోస్తారు?

ఇక మీరు అడగని, నేను చెప్పక తప్పని సంగతి ఒకటి ఉంది. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 8 ప్రకారం లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇచ్చినవారు 7 రోజుల్లోగా పోలీసులకు గానీ దర్యాప్తు సంస్థకు గానీ తెలియజేస్తే వారిపై కేసు ఉండదు. మీరు ఎనిమిది నెలలు ఊరుకున్నారు. ఆ రక్షణ గడువు దాటిపోయింది. అలాగని 50 వేల సంగతి దాచి ఫిర్యాదు చేయవద్దు. దాస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న అదే అవుతుంది. ఆ ఒక్క అబద్ధంతో మిగతా నిజమంతా కొట్టుకుపోతుంది. క్రిమినల్ కేసులు చూసే స్థానిక న్యాయవాదిని ముందు కలిసి, ఆ చెల్లింపు ఎలాంటి బెదిరింపు కింద జరిగిందో ఫిర్యాదులోనే వివరంగా రాయించండి.

గత వారం అడిగిన సొమ్ము మీరింకా ఇవ్వలేదు. అందుకే మీ కేసు నిలబడేది దాని మీద. ఒక్క రూపాయి కూడా ఇవ్వకుండా విశాఖలోని ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) కార్యాలయానికి వెళ్లి లిఖితపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. టోల్ ఫ్రీ నంబరు 1064. వాళ్లు ముందు ఆ అడగడం నిజమేనా అని పరిశీలిస్తారు. నిజమని తేలితే కేసు నమోదు చేసి, స్వతంత్ర మధ్యవర్తుల సమక్షంలో నోట్ల నంబర్లు రాసుకుని, ఫినాఫ్తలీన్ పొడి పూసి మీకు ఇస్తారు. పుచ్చుకున్న చేతిని సోడియం కార్బనేట్ ద్రావణంలో ముంచితే గులాబీ రంగు వస్తుంది. ముందే సమాచారం ఇచ్చి, వారికి సహకరిస్తూ ఇచ్చిన డబ్బుకు సెక్షన్ 8 వర్తించదు. ఇలా అక్కడికక్కడే పట్టుకునే కేసుల్లో దర్యాప్తుకు సెక్షన్ 17ఎ కింద ప్రభుత్వ ముందస్తు అనుమతి కూడా అవసరం లేదు. ఒక్క హెచ్చరిక: ఏసీబీ చెప్పకుండా మీరే అనుచరుడికి ఫోన్ చేసి 'డబ్బు రెడీ, రండి' అనవద్దు. అడిగింది వాళ్లా, ఇస్తానన్నది మీరా అన్న వివాదం అక్కడే మొదలవుతుంది.

కార్పొరేటర్ తరఫు వాదన ఎలా ఉంటుందో ఇప్పుడే చెప్పగలను. ప్లాను మంజూరు నా చేతిలో లేదు, నేను ప్రభుత్వ ఉద్యోగిని కాను అంటారు. మనీష్ త్రివేది కేసులో 2013లో సుప్రీంకోర్టు మునిసిపల్ కౌన్సిలర్ అవినీతి నిరోధక చట్టం కింద పబ్లిక్ సర్వెంటే (ప్రభుత్వ సేవకుడే) అని తేల్చింది. వేరే అధికారి మీద తన పలుకుబడి వాడతానని డబ్బు పుచ్చుకున్నా సెక్షన్ 7 పరిధిలోకి వస్తుంది. మధ్యలో డబ్బు తీసుకున్న అనుచరుడికి సెక్షన్ 7ఎ ఉంది. రెండింటికీ 3 నుంచి 7 ఏళ్ల వరకు జైలు శిక్ష ఉంటుంది. మూడేళ్లకు మించిన శిక్ష ఉన్న నేరాలకు కాలపరిమితి ఉండదు కాబట్టి, ఎనిమిది నెలల ఆలస్యంతో కేసు చెల్లకుండా పోదు. ఆలస్యానికి కారణం మాత్రం మీరు చెప్పి తీరాలి. విచారణకు సెక్షన్ 19 కింద ప్రభుత్వ అనుమతి కావాలి. సవరణ తర్వాత పదవి దిగిపోయినవారికీ ఆ సెక్షన్ వర్తిస్తుంది. పదవీకాలం ముగిస్తే కేసు పోతుందన్న మాట తప్పు.

మీ అబ్బాయి చెప్పిన ఇంగ్లండు పద్ధతి ఇక్కడ పనికిరాదు. అక్కడ 2011 చట్టం ప్రకారం ప్రతి కౌన్సిలూ నియమావళి పెట్టుకోవాల్సిందే. కానీ ఆ చట్టం కింద కౌన్సిలర్‌ను సస్పెండ్ చేసే అధికారం అక్కడి కౌన్సిల్‌కూ లేదు. మనకు 1955 మునిసిపల్ కార్పొరేషన్ల చట్టమే 1979 నాటి విశాఖ చట్టం ద్వారా వర్తిస్తుంది. ఎన్నికైన సభ్యుడు కమిషనర్ కింద ఉద్యోగి కాదు, ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు ఆయనకు అంటవు. కమిషనర్‌కు రాసిన పిటిషన్ కార్పొరేటర్‌ను పదవి నుంచి దించలేదు. సోమవారం ప్రజా సమస్యల వేదికలో ఇచ్చినా అంతే. ఏసీబీ పని పూర్తయ్యేదాకా అటు వెళ్లకపోవడమే మంచిది. అక్కడ ఇచ్చిన కాగితం ఎవరి చేతికి చేరుతుందో మీకు తెలియదు.

వీధిలో తిట్టిన విషయం నేరమే కావచ్చు. ఏడాదికి మించి మూడేళ్ల వరకు శిక్ష పడే నేరాలకు కోర్టు గడువు మూడేళ్లు ఉంటుంది, కాబట్టి తొందర లేదు. సివిల్ కోర్టులో నష్టపరిహారం అడగాలంటే మాత్రం ఏడాదే గడువు. ఆ రోజు విన్నవారిలో సాక్ష్యం చెప్పడానికి సిద్ధపడే ఇద్దరి పేర్లు రాసి ఉంచండి.

చివరిగా, మీరు పక్కన పెట్టేసిన నోటీసు. లంచం అడిగారన్న ఫిర్యాదు ప్లాను అతిక్రమణను మాఫీ చేయదు. మీ మొదటి అంతస్తు మంజూరైన ప్లాను ప్రకారమే ఉందా? ఆ మాట కూడా రాయలేదు. ఉంటే ప్లాను నకలు, ఫొటోలు జతచేసి గడువులోగా జవాబు ఇచ్చి రసీదు తీసుకోండి. తేడా ఉంటే లైసెన్సు ఉన్న సర్వేయరుతో కొలిపించి, సరిచేస్తామని రాయండి. నోటీసు ఎవరి ఫిర్యాదుపై వచ్చిందో, ఏ తేదీన తనిఖీ చేశారో సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయవచ్చు. కూల్చివేతకు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. రోడ్డు, ఫుట్‌పాత్ వంటి బహిరంగ స్థలాల్లోని ఆక్రమణలకు ఈ రక్షణ లేదు. మీది సొంత స్థలం కాబట్టి, వినకుండా కూల్చడానికి వస్తే హైకోర్టులో రిట్ వేయవచ్చు. నోటీసు గడువు ఇప్పటికే దాటి ఉంటే, కారణం రాస్తూ రేపు ఉదయమే ఆసీల్‌మెట్టలోని జీవీఎంసీ కార్యాలయంలో జవాబు ఇచ్చి, నకలుపై తేదీ ముద్ర వేయించుకోండి.