డీబీఏలు ఎవరి కింద ఉండాలి?

ప్రశ్న: మా సంస్థలో ముగ్గురు డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్లు (డీబీఏలు) సర్వర్లను చూసుకునే ఆపరేషన్స్ విభాగంలో పనిచేస్తున్నారు. తమ పనులు ఆలస్యమవుతున్నాయి కాబట్టి ఒక్కొక్కరిని ఒక్కో బృందానికి అప్పగించాలని డెవలప్‌మెంట్ మేనేజర్లు కోరుతున్నారు. ఏది మేలు?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ మేనేజర్ల ఫిర్యాదు సబబైనదే కావచ్చు గాని, వారు సూచించిన పరిష్కారం ముగ్గురే ఉన్న చోట సరిపడదని నా అభిప్రాయం.

డీబీఏ అన్న ఒక్క పేరు కింద రెండు రకాల పనులు ఉన్నాయి. బ్యాకప్‌లు తీయడం, అవి నిజంగా రీస్టోర్ అవుతున్నాయో లేదో పరీక్షించడం, రెప్లికేషన్‌ను, అంటే డేటా నకలు మరో సర్వర్‌కు ఎప్పటికప్పుడు చేరడాన్ని, కనిపెట్టి ఉండడం, ప్యాచ్‌లు (సాఫ్ట్‌వేర్ సవరణలు) వేయడం సర్వర్లకు దగ్గరి పనులు. టేబుళ్ల రూపకల్పన, ఇండెక్సుల (డేటాను త్వరగా వెతికిపెట్టే సూచికల) ఎంపిక, నెమ్మదించిన క్వెరీలను (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలను) చక్కదిద్దడం కోడ్‌కు దగ్గరివి. పెద్ద సంస్థలు వీటికి వేర్వేరు మనుషులను నియమించుకోగలవు. మీ దగ్గరున్న ముగ్గురూ రెండూ చేయక తప్పదు.

వారిని మూడు బృందాలకు పంచితే రాత్రివేళ ఆన్‌కాల్ బాధ్యతను (సమస్య వస్తే వెంటనే స్పందించే బాధ్యతను) వంతులవారీగా పంచుకోవడం కష్టమవుతుంది. ఒకరు సెలవు పెడితే ఆ డేటాబేస్ సంగతి తెలిసినవారే ఉండరు. అంతకంటే నన్ను భయపెట్టేది మరొకటి: కొత్త ఫీచర్ల గడువులు తరుముతున్నప్పుడు, ఎవరూ అడగని రీస్టోర్ పరీక్ష వాయిదా పడుతూనే ఉంటుంది. 2017 జనవరి 31న, డెవలపర్లు కోడ్‌ను దాచుకునే సేవ అందించే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు రెప్లికేషన్ సమస్యను సరిచేస్తూ, పొరపాటున ప్రధాన సర్వర్‌లోని డేటాబేస్ డైరెక్టరీని తొలగించారు. రోజువారీ బ్యాకప్‌ల కోసం చూస్తే, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ల తేడా వల్ల అవి అప్పటికే విఫలమవుతున్నాయని, ఆ హెచ్చరిక ఈమెయిళ్లు ఎవరికీ అందడం లేదని తేలింది. దాదాపు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణంలోని డేటా నకలు) ఒకటి ఉండబట్టి మిగతా డేటా దక్కింది. బ్యాకప్‌లను పరీక్షించే బాధ్యత ఎవరికీ అప్పగించకపోవడాన్ని ఆ సంస్థ తన నివేదికలో కారణంగా ఒప్పుకుంది. మీ నిర్మాణం ఎలా ఉన్నా, ఆ బాధ్యత ఒకరి పేరు మీద ఉండి తీరాలి.

అందువల్ల ముగ్గురినీ ఆపరేషన్స్‌లోనే ఒకే లీడ్ కింద ఉంచి, ఒక్కొక్కరిని ఒక్కో డెవలప్‌మెంట్ బృందానికి జతచేయండి. ఆ వ్యక్తి డిజైన్ చర్చల్లో మొదటి రోజు నుంచీ కూర్చోవాలి. రిలీజ్ ముందురోజు పిలిస్తే ఆయన చేయగలిగింది అభ్యంతరం చెప్పడమే. ఉదాహరణకు పోస్ట్‌గ్రెస్‌లో పెద్ద టేబుల్‌పై మామూలు పద్ధతిలో ఇండెక్స్ సృష్టిస్తే, అది పూర్తయ్యేదాకా ఆ టేబుల్‌లో డేటా చేర్చడం, మార్చడం ఆగిపోతాయి. వెయ్యి వరుసలున్న టెస్ట్ డేటాబేస్‌లో ఈ ఆలస్యం కనిపించదు. స్కీమా (టేబుళ్ల నిర్మాణం) మార్పులను డెవలపర్లే ఫైళ్లుగా రాసి, డీబీఏలు వాటిని కోడ్ మాదిరిగానే సమీక్షిస్తే ఇలాంటివి ముందే బయటపడతాయి. చదవడానికి మాత్రమే యాక్సెస్ ఇవ్వడం వంటి చిన్న అభ్యర్థనలను ఆటోమేట్ చేయిస్తే, మేనేజర్లు చెబుతున్న ఆలస్యంలో కొంత అక్కడే తగ్గవచ్చు. డీబీఏల వార్షిక మదింపులో ఆ మేనేజర్ల అభిప్రాయం కూడా తీసుకోండి.

క్లౌడ్ సేవలకు మారినా ప్యాచ్‌లు, బ్యాకప్‌ల శ్రమ తగ్గుతుందే తప్ప క్వెరీల బాధ్యత మీదే. ఏదైనా ఒక బృందం పని ఒక డీబీఏకు రోజంతా సరిపోయే స్థాయికి పెరిగితే, ఆ బృందానికి నాలుగో వ్యక్తిని కొత్తగా నియమించుకోండి; ఉన్న ముగ్గురిని మాత్రం విడదీయకండి.