పదో తరగతి ఫలితాలు వచ్చాకే అసలు పని

విజయనగరం.

చిరంజీవి మేనకోడలికి మీ అత్త ఆశీర్వదించి రాయునది.

నీకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో హైస్కూల్లో పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పి ఊరుకోవడం ఇష్టంలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. "అత్తా, మా పదో తరగతిలో చాలామంది ఇళ్లలో బడి గడప తొక్కిన మొదటి మనిషి ఈ పిల్లలే. వీళ్లని కాలేజీ దాకా ఎలా చేర్చాలి?" అన్నావు. పాఠం ఎలా చెప్పాలో డీఎస్సీ నెగ్గిన నీకు నేను చెప్పక్కర్లేదు. పాఠం కాని సంగతులు చెబుతాను.

మన వైపు పిల్లలు పది తప్పి చదువు మానడం కంటే, పాసై మానడమే నేను ఎక్కువ చూశాను. ఏప్రిల్లో ఫలితాలొస్తాయి, జూన్లో కాలేజీలు తెరుస్తారు. ఆ మధ్యకాలంలో పిల్ల బడిదీ కాదు, కాలేజీదీ కాదు. ఎక్కడుందో అడిగే హాజరుపట్టీ ఉండదు. చదువుకున్నవాళ్ల ఇంట్లో అయితే తండ్రో బాబాయో అప్లికేషన్లు పట్టుకుని తిరుగుతాడు. మన పిల్లల ఇళ్లలో ఏ కాగితం ఎప్పుడు పెట్టాలో తెలిసినవాళ్లే ఉండరు. ఖాళీగా కూర్చోవడం దేనికని ఆడపిల్ల పలాసలో జీడిపప్పు తొక్క తీసే పనికి పోతుంది. మగపిల్లాడు మావయ్యతో చెన్నై రైలెక్కుతాడు. రెండు నెలలకే అని వెళ్తారు. మొదటి జీతంతో ఫోన్ కొన్నాక ఇంకెక్కడి కాలేజీ? అందుకే చెబుతున్నాను, మార్చి పరీక్షలతో నీ పని అయిపోయిందనుకోకు. ఆగస్టు దాకా ఆ పిల్లల్ని వదలకు.

ఆ పని ఏప్రిల్లో మొదలుపెడితే అందదు. తొమ్మిదో తరగతిలోనే ఒక పెద్ద నోటుపుస్తకం తీసి పిల్లకొక పేజీ కేటాయించు. ఆధార్లో పేరెలా ఉంది, బడి రికార్డులో ఎలా ఉంది, రెండుచోట్లా పుట్టినతేదీ ఒకటేనా అన్నవి మొదట రాయి. ఇది చిన్న సంగతి అనిపిస్తుంది కానీ సీట్లు పోయేది ఇక్కడే. ఇంట్లో అందరూ పిలిచేది లక్ష్మి, రేషన్ కార్డులో అప్పలనరసమ్మ, బడిలో చేర్చిన రోజు ఆ మాస్టారు రాసుకున్నది నరసవేణి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరం. సింహాచలం అన్న పేరు మన దగ్గర ఆడవాళ్లకీ ఉంటుంది, మగవాళ్లకీ ఉంటుంది కాబట్టి కంప్యూటర్ దగ్గర కూర్చున్నవాడు ఆడో మగో తనకి తోచింది నొక్కేస్తాడు. పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా, వెళ్లేలోపు ఇవన్నీ సరిచూసుకో. మార్కుల మెమోలో తప్పు అచ్చయ్యాక దిద్దించుకోవాలంటే కాళ్లరిగేలా తిరగాలి, కూలిపని మానుకుని అలా తిరిగే తీరిక ఆ తల్లిదండ్రులకి ఉండదు. నామినల్ రోల్ ప్రింటు తీసి పిల్ల చేతికిచ్చి, దాని పేరు దానిచేతే అక్షరం అక్షరం పైకి చదివించు. నువ్వు చదివి "సరిగ్గానే ఉంది కదమ్మా" అంటే ఏ పిల్లా కాదనదు.

అదే పేజీలో ఫోన్ నంబరు రాసేటప్పుడు అది ఎవరిదో, ఆ మనిషి ఎక్కడుంటాడో కూడా రాసుకో. ఆధార్‌కి జోడించిన నంబరు తండ్రిది, తండ్రి హైదరాబాద్‌లో మేస్త్రీ దగ్గర పనిలో ఉంటాడు. ఇక్కడ నువ్వు కంప్యూటర్ ముందు కూర్చుంటే ఓటీపీ అక్కడ సెంట్రింగ్ మీద నిలబడ్డ మనిషికి వెళ్తుంది. రీచార్జి చేయించక నంబరే పోయిన ఇళ్లూ ఉంటాయి. వీలైనంతవరకు తల్లి నంబరే జోడించమను. తల్లి లేనిచోట నాయనమ్మది. కులం, ఆదాయం పత్రాలకి సంక్రాంతి పండక్కి వలసవాళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడే గ్రామ సచివాలయంలో అర్జీ పెట్టించు. ఆ నాలుగు రోజులూ దాటితే తండ్రి సంతకం మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం.

ఇక ఇంటివాళ్ల సంగతి. పేరెంట్స్ మీటింగ్‌కి రాలేదని వాళ్లకి పిల్లల మీద శ్రద్ధ లేదనుకోకు. రోజుకూలీ పోతుంది, పైగా బడిలో కుర్చీ మీద కూర్చోవాలంటేనే వాళ్లకి మొహమాటం. నువ్వే వెళ్లు. వెళ్లేటప్పుడు మార్కుల లిస్టు పట్టుకెళ్లకు. "మీ అమ్మాయికి లెక్కలు బాగా వస్తున్నాయి" అని మంచి మాట ఒకటి చెప్పి, ఇచ్చిన టీ తాగి వచ్చేయి. కాలేజీ ఊసు రెండోసారి వెళ్లినప్పుడు ఎత్తాలి. ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో కనిపెట్టి అదీ నోటుపుస్తకంలో రాసుకో. చాలాసార్లు అది తండ్రి మాట అవ్వదు. పిల్లని పెంచిన నాయనమ్మో, సెలవుకొచ్చే జవాను మేనమామో అయి ఉంటారు. మన జిల్లాల్లో మిలిటరీకి వెళ్లిన కుర్రాళ్లకి ఊళ్లో ఉండే గౌరవం నీకు తెలుసు కదా, అలాంటివాడొకడు ఊ అంటే చాలు, మనం పది మాటలు చెప్పక్కర్లేదు. మందస కొండల మీద సవర ఇళ్లకీ, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే ఇళ్లకీ వెళ్లేటప్పుడు ఆ ఊళ్లోనే ఇంటర్ చదువుతున్న పిల్లని వెంటబెట్టుకో. వందేళ్ల క్రితమే గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని మరీ వాళ్ల పిల్లలకి బడులు పెట్టారు. మనం కనీసం మాట అందించే మనిషినైనా తీసుకెళ్లాలి కదా.

ఉద్దానంలో ఇంకొక సంగతి ఉంది. కిడ్నీ జబ్బుతో తండ్రి డయాలసిస్‌కి తిరుగుతున్న ఇళ్లుంటాయి. తోడు వెళ్లేది సాధారణంగా పెద్దపిల్లే. దాని హాజరు తగ్గితే కేకలేసే ముందు కారణం కనుక్కో. ఎంత తెలివైన పిల్ల అయినా దాన్ని దూరపు హాస్టల్‌కి పంపమని పట్టుబట్టకు. డయాలసిస్ రోజుల్లో ఆసుపత్రికి ఎవరు వెళ్తారో ముందు తేల్చుకుని, అప్పుడు కాలేజీ చూడు. ఊరికి దగ్గర్లో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేరినా ఆ పిల్ల నిలబడుతుంది. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో సీటు తెచ్చుకుని, మనసంతా ఇంటి మీద పెట్టుకుని, మధ్యలో వచ్చేస్తే రెండిటికీ చెడినట్టే.

పది తర్వాత దారులు చాలానే ఉన్నాయి కానీ పిల్లలకి తెలిసింది ఎంపీసీ, బైపీసీ మాత్రమే. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీకి ప్రవేశపరీక్ష లేదు, పదో తరగతి మార్కులే ఆధారం. ఇంటర్ స్థాయి రెండేళ్లూ, బీటెక్ నాలుగేళ్లూ అక్కడే. ప్రభుత్వ బడుల పిల్లలకి అదనపు వెయిటేజీ ఉంటుంది. పల్లెటూరి పిల్లల కోసమే 2008లో ఈ ట్రిపుల్ ఐటీల విశ్వవిద్యాలయం పెట్టారు, ఎచ్చెర్లలోని శ్రీకాకుళం క్యాంపస్ 2016లో వచ్చింది. పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష పాలిసెట్‌కి మాత్రం పది ఫలితాల కోసం చూస్తూ కూర్చుంటే గడువు దాటిపోవచ్చు, ముందే అప్లై చేయించు. డిప్లొమా మూడేళ్లయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చని ఇంట్లో చెప్పు. మధ్యలో ఉద్యోగం వచ్చే వీలుందంటే తండ్రులు తొందరగా ఒప్పుకుంటారు. తోటల్లో పెరిగిన పిల్లలకి వ్యవసాయ డిప్లొమా గురించి కూడా చెప్పు. నైరా వ్యవసాయ కళాశాల మీ శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్నా, అందులో చదివేదేమిటో తెలిసిన పిల్లలు ఎంతమంది? నర్సు అవుతానన్న ఆడపిల్లకి బీఎస్సీ నర్సింగ్‌కి బైపీసీ కావాలని పదిలోనే చెప్పాలి. స్నేహితురాలు చేరిందని సీఈసీలో (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) చేరిపోయి, రెండేళ్ల తర్వాత ఏడిస్తే ఏం లాభం.

ఫిబ్రవరి వచ్చేసరికి పిల్లల్ని చేర్పించుకోవడానికి కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఇళ్లకి వస్తారు. "మీ అబ్బాయికి ఫుల్ కన్సెషన్" అంటారు. ఆ కన్సెషన్ ట్యూషన్ ఫీజుకా, హాస్టల్‌కా, రెండో ఏడాదికీ ఉంటుందా అని కాగితం మీద రాసిమ్మని అడగమను. రాసివ్వకపోతే ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల చేతిలో పెట్టొద్దని గట్టిగా చెప్పు. బకాయి కోసం టీసీ ఆపేసిన కాలేజీలని నేను చూశాను. నా మటుకు నాకు, సగటు పిల్లకి ప్రభుత్వ జూనియర్ కాలేజీయే నయం. 2025 జనవరి నుంచి అక్కడ మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. ఆడపిల్లని పంపడానికి ఖర్చంటూ వెనకాడే ఇంట్లో ఈ రెండూ చెబితే సగం వాదన అక్కడే అయిపోతుంది. ఎనిమిదిలో ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష రాసి నెగ్గిన పిల్లలుంటే, ఏటా పన్నెండు వేల చొప్పున ఇంటర్ దాకా వస్తుంది. అయితే ఏటా రెన్యూవల్ చేయాలి, ప్రైవేటు కాలేజీలో చేరితే ఆగిపోతుంది. ఈ సంగతి పీఆర్వో చెప్పడు.

పెళ్లి మాట వినిపిస్తే ఆలస్యం చేయకు. పది అయిన వేసవిలోనే సంబంధాలు వస్తాయి. ముందు తల్లితో విడిగా మాట్లాడు, తర్వాత ఊరి పెద్దతో. చాలా ఇళ్లలో అంతటితో ఆగుతుంది. ఆగకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది, మొహమాటపడకు. ఊళ్లో నీ మీద కొన్నాళ్లు కోపంగా ఉంటారు, ఉండనీ.

ఫలితాల రోజు పాసైన పిల్లలే నీ దగ్గరికి వస్తారు. తప్పినవాడు ఏ జీడితోటలోనో కూర్చుంటాడు. ఆ సాయంత్రమే వాడింటికి వెళ్లు. సప్లిమెంటరీ ఫీజు గడువు కొద్ది రోజులే, వాడు తేరుకునేసరికి అది అయిపోతుంది. తప్పినది సాధారణంగా ఒక సబ్జెక్టో రెండో. ఇంట్లో నలుగురి ముందు ఆ సంగతి తియ్యకు. బయటికి పిలిచి, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించు. పాస్ పర్సంటేజీ లెక్కలు పైకి పంపించేశాక వాడు ఎవరికీ పట్టడు. నీ తోటివాళ్లే "నీకెందుకమ్మా ఈ తిరుగుడు" అంటారు. నవ్వి ఊరుకో.

కాలేజీలో చేర్చాక కూడా కొన్నాళ్లు కనిపెట్టుకుని ఉండాలి. దసరా సెలవులకి, విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను పండక్కి అని ఇంటికొచ్చిన హాస్టల్ పిల్ల వెనక్కి వెళ్లనంటుంది. అన్నం బాగాలేదంటుంది, తలనొప్పి అంటుంది. నేనడిగిన చాలామంది విషయంలో అసలు కారణం క్లాసులో ఏదీ అర్థం కాకపోవడం, అది పైకి చెప్పుకోలేకపోవడం. బడిలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకం చదివిన పిల్ల, కాలేజీలో వట్టి ఇంగ్లీషు పుస్తకం చూసి భయపడిపోతుంది. ఆ సెలవుల్లో నీ పాత పిల్లలందర్నీ ఒకరోజు బడికి పిలువు. మీ బడి నుంచే ఎచ్చెర్ల వెళ్లి రెండో ఏడాదిలో ఉన్న అమ్మాయి దొరికితే మాట్లాడమను. తనూ మొదట్లో మూడు నెలలు ఏడ్చానని ఆ అమ్మాయి చెబితే నమ్ముతారు. మనం చెబితే టీచర్లు ఇలాగే అంటారులే అనుకుంటారు.

ఇంటర్ అయ్యాక ఇంజినీరింగ్ లాంటి కోర్సుల ప్రవేశపరీక్ష ఈఏపీసెట్, ఆపైన కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు. ఇక్కడ మాత్రం నెట్ సెంటర్ కుర్రాడికి పాస్‌వర్డ్ ఇచ్చి రావద్దని చెప్పు. ఏదో ఒక కాలేజీవాళ్లు వాడికి కమీషన్ ముట్టజెప్పి ఉంటారు, ఆ కాలేజీ మొదటి ఆప్షన్‌గా ఎక్కుతుంది. ముందురోజు రాత్రి కాగితం మీద వరసగా రాసుకుని, దగ్గర కూర్చుని పెట్టించి, ప్రింటు తీసుకుని మరీ లేవాలి. కౌన్సెలింగ్ ద్వారా కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుందని తండ్రికి అర్థమయ్యేలా చెప్పు. "మేనేజ్‌మెంట్ సీటైనా అదే వస్తుంది" అని ఎవరైనా అంటే నమ్మొద్దను. ఆ డబ్బు ఆలస్యమైనప్పుడు కాలేజీవాళ్లు పిల్లని నిలబెట్టి అడుగుతారు. అలా అడిగితే సిగ్గుపడి ఇంటికి వచ్చేయకుండా నీకు ఫోన్ చేయమను.

డబ్బు సంగతి ఒక్కటి మిగిలింది. నీ కొత్త జీతంలోంచి అందరికీ ఫీజులు కట్టాలని చూడకు. నాలుగు నెలల్లో నీరసం వస్తుంది, పైగా ఇంకో బడికి బదిలీ అయ్యాక ఆ పిల్లలు ఎవరిని అడుగుతారు? అప్లికేషన్ ఫీజులకి, జెరాక్సులకి ఊళ్లోవాళ్ల చేతే చిన్న నిధి పెట్టించు. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లని అడిగితే తలా కొంచెం ఇస్తారు. లెక్క మాత్రం నువ్వు కాక ఇంకొకరు రాయాలి.

నోటుపుస్తకంలో గడులు గీశాక ఒక పేజీ ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు. తొమ్మిదో తరగతి పేర్ల లిస్టు కూడా పంపు, ఆధార్ తేడాలు ఎలా పట్టుకోవాలో ఇద్దరం ఒక ఆదివారం ఫోన్లో చూద్దాం. మీ అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ అత్త