బీరువా అద్దం నల్లబడుతోంది, మరి టెలిస్కోప్ అద్దం?

ప్రశ్న: సార్, మాది కొత్తపట్నం, ఇల్లు సముద్రానికి దగ్గర. బీరువా అద్దానికి రెండు మూడేళ్లకే అంచుల్లో నల్లమచ్చలు వచ్చి లోపలికి పాకుతున్నాయి. ఇంటర్ చదివే మా అబ్బాయి, తుడిచే దిక్కు కూడా లేని అంతరిక్షంలో టెలిస్కోప్ అద్దాల పూత అన్నేళ్లు ఎట్లా ఆగుద్ది అని అడుగుతున్నాడు.
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: ఇంటి అద్దంలో పూత గాజు వెనకాల ఉంటదమ్మా, వెండో అల్యూమినియమో, దాన్ని పెయింట్‌తో మూసేస్తారు. అంచున పెయింట్ కాస్త లేచిందంటే ఉప్పుగాలి, తేమ అక్కడినుంచే దూరతాయి. ఈసారి కొత్త అద్దం బిగించేటప్పుడు అంచులకి సిలికాన్ పట్టించమనండి, చాలా తేడా ఉంటది.

టెలిస్కోప్‌కి ఆ గాజు అడ్డం కూడా లేదు. వెలుతురు గాజులోకి పోయి వస్తే బొమ్మ చెడుద్ది కాబట్టి పూత ముందువైపే వేస్తారు. నన్నడిగితే దానికి అసలు గండం పైన కాదు, కిందే, ఎందుకంటే పైన తేమా లేదు, గంధకం కలిసిన గాలీ లేదు. అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపులు హబుల్, జేమ్స్ వెబ్‌లనే తీసుకోండి. హబుల్ అద్దానికి 1981లో పూత వేస్తే అది ఎగిరింది 1990లో, జేమ్స్ వెబ్ అద్దాల పూత 2011కి పూర్తయితే ఎగిరింది 2021 డిసెంబర్ 25న, అంటే అన్నేళ్లూ మన గాలిలోనే కాపాడుకోవాలి.

అందుకే లోహం మీద ఇంకో పల్చటి పొర వేస్తారు, మన్నికంతా దాని చలవే. హబుల్‌ది అల్యూమినియం, గాలి తగిలితే నిమిషాల్లో ఆక్సైడ్ కట్టి, కంటికి కనపడని అల్ట్రావయొలెట్ వెలుతుర్ని మింగేస్తది, కాబట్టి పైన మెగ్నీషియం ఫ్లోరైడ్ వేశారు. జేమ్స్ వెబ్‌ది బంగారం, తుప్పు పట్టదు, ఇన్‌ఫ్రారెడ్‌ని, అంటే కంటికి కనపడని వేడి కిరణాల్ని, బాగా తిప్పికొడతది, కాకపోతే మెత్తన, గీత పడుద్ది, దానికి సిలికా పొర. పద్దెనిమిది ముక్కలకీ కలిపి పట్టిన బంగారం 48 గ్రాములు, మన లెక్కలో ఆరు సవర్లు! మందం మిల్లీమీటర్లో పదివేలో వంతు. వెండి ఇంకా బాగా మెరుస్తది గానీ దేవుడి కుందులు నల్లబడినట్టే గంధకానికి నల్లబడుద్ది, పైగా భూమికి దగ్గర కక్ష్యలో ఒంటరి ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి, సెకనుకి ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో పోయే ఉపగ్రహానికి అవి ఎదురుగా వచ్చి కొడతాయి, మూత లేని వెండి వాటికి నల్లబడి పెచ్చులూడుద్ది.

పూత వేసేటప్పుడు పక్కనే చిన్న గాజుబిళ్లలు పెట్టి వాటికీ అదే పూత వేస్తారు. తర్వాత ఆ బిళ్లల్ని తేమలో ఉంచుతారు, చలికీ వేడికీ మార్చి మార్చి పెడతారు, టేప్ అంటించి లాగుతారు. టేప్‌తో పూత లేచి వచ్చిందా, ఆ పూత పనికిరాదు.

పైకెళ్లాక ఉపగ్రహం లోపలి జిగుర్లు, ప్లాస్టిక్కులు వదిలే ఆవిరి అద్దానికి అంటుకోవడం ఒక బెడద. మన శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబర్ 28న వెళ్లిన ఆస్ట్రోశాట్ అనే ఖగోళ ఉపగ్రహంలో అల్ట్రావయొలెట్ టెలిస్కోప్ మూతలు ఆ ఆవిరంతా పోయేదాకా దాదాపు రెండు నెలలు తెరవలేదు.

ఏ పూతా ఆపలేనిది మాత్రం ఉల్కల నలుసు. 2022 మేలో ఒకటి జేమ్స్ వెబ్ అద్దం ముక్కకి తగిలి దాని ఆకారమే కొంచెం మార్చేసింది. అప్పట్నుంచి టెలిస్కోప్ ప్రయాణించే దిక్కుకి అద్దాన్ని ఎదురుగా పెట్టడం వీలైనంత తగ్గించారు.