శక్తి తగ్గిన దేవుడు, తగ్గని దర్పం: మాంగా ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే తరహా మాంగా (జపాన్ బొమ్మల కథలు) గురించి ఉన్నాయి. మహిమలు కరిగిపోయిన దేవుడో దేవతో మామూలు మనుషుల మధ్యకొచ్చి కాపురం పెట్టే హాస్య కథలవి. చదివేవాళ్ళూ అడిగారు, గీసేవాళ్ళూ అడిగారు. రెండు రకాల ప్రశ్నలనూ కలిపే ఇస్తున్నాం.

ప్రశ్న: ఈ కథల్లో దేవుడికి శక్తి ఎందుకు తగ్గుతుంది? ప్రతి రచయితా తోచిన కారణం పెట్టుకోవడమేనా, జపాన్ నమ్మకాల్లో దానికి ఆధారం ఏమైనా ఉందా?

జవాబు: రెండూ ఉన్నాయి. ఎక్కువగా కనిపించే కారణాలు మూడు. మొదటిది కొలిచేవాళ్ళు లేకపోవడం. అదాచితోకా గీసిన ‘నోరగామి’లో యాతో అనే దేవుడికి సొంత గుడి లేదు. గోడల మీద ఫోన్ నంబరు రాసుకుని, ఐదు యెన్‌లిస్తే ఏ పనైనా చేసిపెడతానంటాడు. ఆ ఐదు యెన్‌లు ఊరికే పెట్టిన లెక్క కాదు. జపాన్‌లో గుడి హుండీలో వేయడానికి శుభమని జనం ఎంచుకునే నాణెం అదే.

రెండోది నెలవు పోవడం. ‘కన్నగి’లో నాగి ఒక చెట్టును ఆశ్రయించుకున్న దేవత. చెట్టు కొట్టేశారు. ఆ చెక్కతో ఒక కుర్రాడు చెక్కిన బొమ్మలోంచి ఆమె బయటికొస్తుంది. మూడోది శక్తిని తానే ఇచ్చేసుకోవడం. ‘ఇనారి, కొన్‌కొన్, కోయి ఇరోహా’లో ఉకా దేవత తన శక్తిలో కొంత ఒక బడిపిల్లకు ఇస్తుంది.

మొదటి రెండింటికీ చరిత్రలో గట్టి పునాదే ఉంది. 1906లో జపాన్‌లో మెయ్‌జి చక్రవర్తి ప్రభుత్వం చిన్న గుళ్ళను పెద్దవాటిలో కలిపేయాలని ఆదేశించింది. ఆ తర్వాత పదేళ్ళు తిరక్కుండానే, దేశంలో ఉన్న దాదాపు రెండు లక్షల గుళ్ళలో సుమారు 70 వేలు కనబడకుండా పోయాయి. గుడి పోయిన చోట దాని చుట్టూ ఉన్న తోపులూ పోయాయి. వకయామాకు చెందిన ప్రకృతి పరిశోధకుడు మినకాత కుమగుసు ఈ విలీనాల మీద ఏళ్ళ తరబడి పోరాడాడు. మీ కథలో దేవుడు “మా గుడిని పక్కూరి గుడిలో కలిపేశారు” అని ఒక్క మాటంటే చాలు, బలహీనతకు కారణం చెప్పినట్టే. పైగా ఒకే గర్భగుడిలో నలుగురు దేవుళ్ళు సర్దుకుంటే వచ్చే తగాదాలు అదనం.

మూడో కారణం దగ్గరే చాలామంది తడబడతారు. జపాన్ సొంత మతమైన షింటో సంప్రదాయంలో ఒక గుడి దేవతను ఆవాహన చేసి ఇంకోచోట ప్రతిష్ఠిస్తే మూలస్థానంలో శక్తి తగ్గదు. ఒక దీపంతో మరో దీపం వెలిగించినట్టే. వరి పంటల దైవమైన ఇనారి గుళ్ళు దేశమంతటా వేల సంఖ్యలో ఉన్నా క్యోతోలోని ఫుషిమి ఇనారికి వచ్చిన లోటేమీ లేదు. కాబట్టి “శాఖలు ఎక్కువై నీరసించిన దేవుడు” అని రాస్తే తెలిసిన పాఠకుడు అక్కడే ఆగిపోతాడు. ఒక మనిషికి శక్తిని అప్పిచ్చాడు, తిరిగొచ్చేదాకా తన దగ్గర అంతమేర ఉండదు అంటే మాత్రం చెల్లుతుంది.

ప్రశ్న: ‘సెయింట్ యంగ్ మెన్’ కూడా ఈ కోవలోదేనా?

జవాబు: చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ కాదు. నకమురా హికారు 2006లో మొదలుపెట్టిన ఆ మాంగాలో బుద్ధుడూ యేసూ సెలవు మీద వచ్చి తోక్యో పడమటి వైపున్న తచికావాలో అద్దె గదిలో ఉంటారు. వాళ్ళ మహిమలు ఎక్కడికీ పోలేదు. అవి అనుకోకుండా బయటపడటం, పక్కవాళ్ళు చూడకుండా దాచుకోవడమే అక్కడి తమాషా. శక్తి తగ్గిన దేవుడి కథలో తమాషా దీనికి తిరగేసి ఉంటుంది: లేని మహిమను ఉన్నట్టు చూపించుకోవాలి. రెండింటినీ ఒకే కథలో కలిపితే దేవుడికి ఏది చేతనవునో ఏది కాదో పాఠకుడికి పట్టు చిక్కదు.

ప్రశ్న: వానదేవుడి పాత్రతో నాలుగు ప్యానెళ్ళ స్ట్రిప్ గీస్తున్నాను. మొదట్లో నవ్వారు. ఇప్పుడు ఎన్నిసార్లు గీసినా అదే జోకు: వాన రప్పించబోతాడు, రాదు. దీన్నెలా సాగదీయాలి?

జవాబు: సాగదీయకండి, పునాది మార్చండి. వాన రాకపోవడం ఒక్కసారికే జోకు. మీ దేవుడి శక్తి సున్నా అయిపోయింది, అదీ చిక్కు. శక్తి కాస్త మిగలాలి, ఆ మిగిలింది ఎంతో కచ్చితంగా తేలాలి. ఉదాహరణకు ఇలా పెట్టుకోండి: గొడుగంత వెడల్పు వాన, మూడు నిమిషాలు, రోజుకు ఒక్కసారి.

తర్వాత ఒక కాగితం మీద మూడు గళ్ళు గీయండి. ఏం మిగిలింది, వాడితే ఏం ఖర్చవుతుంది, ఎక్కడ బెడిసికొడుతుంది. ఖర్చు గడిలో “వాడిన ప్రతిసారీ జానెడు పొట్టి అవుతాడు, ఎవరైనా మనసారా దండం పెడితే మళ్ళీ పెరుగుతాడు” అని రాశారనుకుందాం. బెడిసికొట్టే గడిలో “పది అడుగుల లోపల అందరికన్నా పొడుగ్గా ఉన్నవాళ్ళ నెత్తినే పడుతుంది; పైకప్పు ఉందా లేదా అన్నది వానకు పట్టదు” అని రాయండి. ఇంక స్ట్రిప్పులు వాటంతటవే పుడతాయి: ఇంట్లో బల్బు మార్చడానికి స్టూలెక్కిన మనిషి, బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళ మధ్య ఇరుక్కున్న దేవుడు, తడవకూడదని వంగి వంగి నడిచే ఇంటి యజమాని. ఆ వాన తిరిగి దేవుడి నెత్తినే పడాలంటే ముందు అందరూ కూర్చోవాలి. నియమం ఎంత బిగువుగా ఉంటే జోకులు అన్ని దొరుకుతాయి. కథ మధ్యలో నియమం మార్చారంటే పాత జోకులన్నీ వెనక్కెళ్ళి చచ్చిపోతాయి.

ఇక ప్యానెళ్ళ సంగతి. జపాన్‌లో నాలుగు ప్యానెళ్ళకు కి, షో, తెన్, కెత్సు అని వరస: ఎత్తుగడ, కొనసాగింపు, మలుపు, ఫలితం. మహిమ బెడిసికొట్టడాన్ని మీరు నాలుగో ప్యానెల్లో పెడుతున్నారని ఊహిస్తున్నాం. దాన్ని మూడోదానిలోకి జరపండి. నాలుగో ప్యానెల్ పక్కనున్న మనిషిది. నవ్వు వానలో కంటే తుండుగుడ్డ వెతుక్కుంటున్న మనిషి ముఖంలో ఎక్కువ ఉంటుంది.

ఇంకొక్కటి. శక్తి తగ్గాలి గానీ దర్పం తగ్గకూడదు. దేవుడు తన స్థితికి ఏడ్చాడంటే పాఠకుడికి జాలి పుడుతుంది, జాలి పుట్టిన చోట నవ్వు నిలవదు. ఒక స్ట్రిప్‌లో పరవాలేదు, వరసగా రెండింట్లో వద్దు. మనిషి కూడా దేవుణ్ణి చూసి నోరు వెళ్ళబెట్టకూడదు. అద్దె బాకీ అడగాలి. బోకే, త్సుక్కోమి అని జపాన్ హాస్య జంటల్లో ఉండే పంపకం ఇదే: ఒకరు వితండంగా మాట్లాడతారు, రెండోవారు పట్టుకుని దులుపుతారు. అప్పుడప్పుడూ తిరగేయండి, మనిషే వితండానికి దిగి దేవుడు తలపట్టుకునేలా.

ప్రశ్న: గుడి నేపథ్యం గీస్తే, తెలిసినవాళ్ళు చూసి “సగం షింటో, సగం బౌద్ధం” అన్నారు. తేడా ఎక్కడ పట్టుకోవాలి?

జవాబు: తోరీ ద్వారం, గడ్డితో పేనిన షిమెనావా తాడు, దానికి వేలాడే మెలికల కాగితం షిదే, ఇవి షింటోవి. ధూపం గుచ్చే పెద్ద పాత్ర, దూలంతో మోగించే కంచు గంట, సమాధి రాళ్ళు బౌద్ధాలయానివి. రెండూ ఒకే ఆవరణలో ఉండే చోట్లూ ఉన్నాయి గానీ, తెలిసి గీయడం వేరు, తెలియక కలపడం వేరు.

ఎక్కువ తప్పులు తోరీలోనే దొర్లుతాయి. షిన్మెయ్ రకంలో పై దూలం తిన్నగా ఉంటుంది, కింది అడ్డకర్ర స్తంభాలు దాటి బయటికి రాదు. మ్యోజిన్ రకంలో పై దూలం కొసలు పైకి లేచి ఉంటాయి, కింది అడ్డకర్ర రెండు పక్కలా బయటికి పొడుచుకొస్తుంది, నడుమ పలక పెట్టే చిన్న గుంజ ఉంటుంది. కొసలు లేచిన దూలం గీసి అడ్డకర్రను స్తంభాల దగ్గరే ఆపేస్తే తోరీ తయారీ సగంలో వదిలేసినట్టు కనిపిస్తుంది.

కాపలా కొమాయిను (సింహంలాంటి కుక్క విగ్రహాలు) జంటలో ఒకదానికి నోరు తెరిచి ఉంటుంది, రెండోదానికి మూసి ఉంటుంది. ఇనారి గుడిలో వాటి స్థానంలో నక్కలుంటాయి. నక్క ఇనారి దూత మాత్రమే, ఇనారి కాదు. ఈ పొరపాటుతో ఏకంగా కథలే రాసేస్తుంటారు.

మీ దేవుడు బలహీనుడు కాబట్టి పెద్ద గుడి అసలు అక్కర్లేదు. దారి పక్కన నడుమెత్తు ఉండే హొకొర అనే చిన్న గూడు చాలు. దానికి రోజూ పెట్టే నైవేద్యం బియ్యం, ఉప్పు, నీళ్ళు, సాకే అనే బియ్యపు మద్యం. పూజకు వాడే సకాకి చెట్టు కొమ్మలను మామూలుగా నెలలో 1న, 15న మారుస్తారు. ఎండిన సకాకి, ఖాళీ గిన్నె, పుచ్చిన తాడు ఈ మూడూ గీస్తే “ఈ దేవుణ్ణి పట్టించుకునేవాళ్ళు లేరు” అని వేరే రాయాల్సిన పని లేదు. గూడు తలుపు మాత్రం మూసే ఉంచండి. లోపలుండే అద్దమో రాయో జనం కంట పడేది కాదు. నారా దగ్గరి ఓమివా గుడికైతే గర్భాలయమే లేదు, మివా కొండే దైవం.

దండం పెట్టే తీరు: రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగాలి. ఇజుమో మహాలయంలో చప్పట్లు నాలుగు. వేరే ఊరి నుంచి వచ్చిన భక్తుడు ఎన్ని కొట్టాలో తేల్చుకోలేక మూడు దగ్గర ఆగిపోయాడనుకోండి, దేవుడు ఏం చేయాలి? ఈ ఒక్క చిక్కు మీద ఎపిసోడ్ నడుస్తుంది.

ప్రశ్న: శక్తి తగ్గినప్పుడు పాత్ర చిన్నదైపోవాలి. బొమ్మను కుదిస్తే పిల్లాడిలా కాక మరుగుజ్జులా వస్తోంది.

జవాబు: కుదించకూడదు, మళ్ళీ గీయాలి. నిండు రూపానికి ఏడు తలల ఎత్తు పెట్టుకుంటే నీరస రూపానికి రెండున్నర సరిపోతుంది. అంటే మొత్తం ఎత్తులో 40 శాతం తలే. కళ్ళూ ముక్కూ నోరూ తల కింది సగంలోకి దిగాలి. ఈ కొలతలో చేతులు చెవుల దాకానే అందుతాయి, నడినెత్తికి అందవు. కిరీటం పక్కకి ఒరిగితే సర్దుకోలేని దేవుడు మీకు ఉచితంగా వచ్చినట్టే.

బట్టలు ఒంటితో పాటు చిన్నవవుతాయా, లేదా అన్నది మొదటి అధ్యాయంలోనే తేల్చుకోండి. రెండు రూపాల్లోనూ మారని గుర్తు ఒకటి ఉండాలి, జడలో పిన్నో నడికట్టు ముడో. మధ్యలో నాలుగు తలల రూపం కూడా పెట్టుకుంటే ఎత్తును బట్టే శక్తి ఎంతుందో పాఠకుడు చదువుకుంటాడు. ఒంటి గీతలకు ‘జీ పెన్’ అనే పాళీ, వెలుగు రేఖలకు ‘మారు పెన్’ అనే సన్నటి పాళీ వాడండి. రెండూ ఒకే మందంలో ఉంటే దేవుడు వెలుగుతున్నట్టు కాక పరుగెత్తుతున్నట్టు కనిపిస్తాడు.

ప్రశ్న: ఒళ్ళు మసకబారినట్టు చూపడానికి చుక్కల టోన్ (నీడకు వాడే సన్న చుక్కల అల్లిక) వేశాను. ఫోన్‌లో చూస్తే గళ్ళ చీరలా చారలు వస్తున్నాయి.

జవాబు: టోన్ వేశాక బొమ్మ సైజు తగ్గించారు. చుక్కల వరసలు తెర పిక్సెళ్ళ వరసలతో సరిపడక చారలుగా తేలతాయి, దీన్నే మోయిరే అంటారు. చివరి సైజు తేలేదాకా మామూలు బూడిద రంగుగానే ఉంచండి. అచ్చుకైతే 600 డీపీఐ నలుపు తెలుపులో అప్పుడు చుక్కలుగా మార్చండి. ఫోన్‌లో చదివేవాళ్ళకు అసలు చుక్కలే వద్దు, బూడిద రంగుతోనే పంపండి. టోన్ మీద టోన్ వేయాల్సొస్తే రెండింటికీ అంగుళానికి ఉండే చుక్కల వరసల సంఖ్య, వాటి వాలు ఒకటే ఉండాలి.

ప్రశ్న: దేవుడు ఒక్కసారిగా నిండు రూపంలో కనిపించే పేజీని ఎక్కడ పెట్టాలి?

జవాబు: పేజీ తిప్పగానే. జపాన్ పద్ధతిలో కుడి నుంచి ఎడమకు చదువుతారు కాబట్టి, ఎడమ పేజీ అడుగున ఎడమ మూల ప్యానెల్లో ఉత్కంఠ, తిప్పాక కుడి పేజీ పైన దర్శనం. తెలుగులో ఎడమ నుంచి కుడికి గీస్తుంటే అంతా తారుమారు: కుడి పేజీ అడుగున ఆపి, తిప్పాక ఎడమ పేజీలో చూపాలి. ఎదురెదురు పేజీల్లో పెడితే కన్ను ముందే అటు పోతుంది. ఫోన్ కోసం నిలువుగా గీస్తున్నవాళ్ళు దర్శనానికి ముందు ఒక తెర ఎత్తంత ఖాళీ వదలండి.

ప్రశ్న: అక్టోబరులో దేవుళ్ళంతా ఎక్కడికో వెళ్తారట కదా?

జవాబు: పాత చాంద్రమానంలో పదో నెలలో అందరూ ఇజుమోకి వెళ్ళి సమావేశమవుతారని నమ్మకం. ఇంటి పట్టున ఉండిపోయేవాళ్ళూ ఉన్నారు, చేపల వేట, వ్యాపారాల దేవుడైన ఎబిసు వాళ్ళలో ప్రసిద్ధుడు. మీ దేవుడికి పిలుపు రాలేదనో, వచ్చినా రైలు చార్జీ లేదనో రాసుకోవచ్చు.

ప్రశ్న: మా బెలూన్లలో తెలుగు ఇమడటం లేదు. దేవుడి మాట తీరు ఎలా ఉంటే బాగుంటుంది?

జవాబు: జపాన్ బెలూన్ నిలువుగా పొడుగ్గా ఉంటుంది, రాత పైనుంచి కిందికి నడుస్తుంది కాబట్టి. తెలుగుకు అడ్డంగా వెడల్పున్న బెలూన్ కావాలి. మన ఒత్తులు కిందికి, గుణింతపు గుళ్ళు పైకి పోతాయి కనుక వరసల మధ్య ఎడం అక్షరం ఎత్తుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉంచండి. మాటను మధ్యలో విరిచి కింది వరసలోకి నెట్టకండి.

మాట తీరుకొస్తే, దేవుడు గ్రాంథికంలో, మనిషి వాడుకలో మాట్లాడితే సగం పని అయిపోతుంది.

“మానవుడా, నీ మనోరథమేమో విన్నవించుకొనుము.”

“తాళంచెవి పోయింది.”

“అది మా పరిధిలోనిది కాదు.”

శక్తి బాగా పడిపోయినప్పుడు గ్రాంథికం కూడా జారిపోవాలి: “ఎక్కడ పెట్టావో గుర్తు తెచ్చుకోవయ్యా.” ఈ జారుడు అధ్యాయానికి ఒకటి రెండు సార్లకు మించకూడదు. గ్రాంథికం వాక్యాలు పొడుగు కాబట్టి బెలూన్‌కు ఎనిమిది మాటలు దాటనీయకండి. మాటలు ముందు రాసి, బెలూన్లు అమర్చి, మిగిలిన చోటులో బొమ్మ వేసుకుంటే దేవుడి కిరీటం మీద ఒత్తులు పడవు.