దూలగొండి పొడి ఉంటే మాత్రలు మానేయవచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది ముమ్మిడివరం దగ్గర లంక గ్రామం. మా మామయ్యగారికి 67 ఏళ్లు. మూడేళ్లుగా పార్కిన్సన్స్ వ్యాధికి లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్రలు వాడుతున్నారు. అంతర్వేది తీర్థంలో కొన్న దూలగొండి పొడిని బంధువులు తెచ్చి, పూటకో చెంచా పాలలో కలిపి ఇమ్మన్నారు. వారం నుంచి ఇస్తున్నాం. వణుకు తగ్గింది కానీ వికారంగా ఉందంటున్నారు. రాత్రిళ్లు గదిలో ఎవరో కూర్చున్నారంటున్నారు. మాత్రలు మానేయవచ్చా? సరస్వతి ఆకు కూడా ఇవ్వమంటారా?
– ఒక కోడలు

జవాబు: మాత్రలు మానవద్దమ్మా. వాటిని ఉన్నట్టుండి ఆపితే ఒళ్లంతా బిగుసుకుపోయి, తీవ్రమైన జ్వరంతో ప్రాణం మీదికి రావచ్చు. ఆపవలసింది పొడిని. ఈరోజే మీ డాక్టరుకు ఫోను చేసి జరిగింది దాచకుండా చెప్పండి.

వణుకు తగ్గిందంటే నమ్ముతాను. ఆ పొడి చేసే దూలగొండి గింజలో ఉన్నదీ మాత్రల్లోని లెవోడోపానే. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు దూలగొండి గింజల నుంచి దాన్ని వేరుచేశారు. చిన్నప్పుడు కొబ్బరితోట కంచె మీది ఆ కాయల నూగు తగిలి, రాత్రంతా గోక్కుంటూ ఏడ్చినవాణ్ణి నేను. ఆ నూగు చాటున ఇంత మందు ఉందని వైద్యం చదివేటప్పుడు తెలిసి ఆశ్చర్యపోయాను. 2004లో వెలువడిన లండన్ పరిశీలనలో 8 మంది రోగులకు ఇచ్చిన 30 గ్రాముల గింజల పొడి మాత్ర కన్నా త్వరగా పనిచేసింది, ఎక్కువసేపు నిలిచింది. నాటుమందని నేను తీసిపారేయను.

మందు కాబట్టే నా భయం. గింజలో లెవోడోపా నూటికి 3 పాళ్లు ఉండవచ్చు, 6 పాళ్లూ ఉండవచ్చు. 5 గ్రాముల చెంచాతో 150 మిల్లీగ్రాములు వెళ్లాయో 300 వెళ్లాయో మీకెలా తెలుస్తుంది? అదీ మాత్రల మీద అదనంగా. పైగా మందు మెదడుకు చేరకముందే ఒంట్లో మారిపోకుండా కాపాడే కార్బిడోపా పొడిలో ఉండదు. వికారం అందువల్ల కావచ్చు. లేని మనిషి కనిపించడం మోతాదు మించిందనడానికి గుర్తు కావచ్చు, దాన్ని వయసు మీదకు నెట్టకండి.

ఇంకో సంగతి. పాలు, పప్పు, చేపల్లోని మాంసకృత్తులు పేగుల్లో లెవోడోపాకు అడ్డుపడతాయి. వికారం లేకపోతే మాత్రను భోజనానికి అరగంట ముందు మంచినీళ్లతో ఇవ్వండి.

సరస్వతి ఆకు పచ్చడి ఎప్పుడైనా చేసి పెట్టండి, తప్పులేదు. ఈ జబ్బును ఆపుతుందని మాత్రం రుజువు కాలేదు.

మా నాన్నగారికీ ఇదే జబ్బు. ఆయన కొబ్బరి దింపు లెక్కలు రాసే పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. మొదటి పేజీల్లో చిక్కుడు గింజలంత అక్షరాలు, ఏడాది తిరిగేసరికి ఆవగింజలంత. చెయ్యి వణకడానికి ముందే ఆ పుస్తకం చెప్పింది, ఇంట్లో డాక్టరు కొడుకునై ఉండీ నేను చూడలేదు. మీరూ ఒక పుస్తకం పెట్టండి. మాత్ర వేసిన వేళ, అన్నం తిన్న వేళ, చొక్కా గుండీ తానే పెట్టుకోగలిగిన వేళ, కాలు కదలక నిలబడిపోయిన వేళ మీరు రాయండి. కింద ఒక్క వాక్యం మామయ్యగారిచేత రాయించండి. ఆ పుస్తకం, మిగిలిన పొడి పొట్లం రెండూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.