క్రిమినాలజీ విద్యార్థులు ఇంటర్న్‌షిప్ కోసం మొదట పోలీసు కమిషనరేట్‌కు కాదు, జిల్లా కోర్టు ఆవరణకు వెళ్లండి

ఎం.ఏ. క్రిమినాలజీ మొదటి సంవత్సరం ముగింపుకు వచ్చిందని, వేసవిలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అని డిపార్ట్‌మెంట్ చెప్పిందని, పోలీసు కమిషనరేట్‌కు పంపిన దరఖాస్తుకు ఉలుకూ పలుకూ లేదని, తెలిసినవారెవరూ లేనప్పుడు ఏం చేయాలని మీరు అడిగారు. నాకూ పోలీసు శాఖలోగానీ కోర్టులోగానీ తెలిసినవారు లేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత న్యాయసహాయం అందించే ఒక జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఇంటర్న్‌షిప్ చేసి, ఆ తరువాత కొంతకాలం అక్కడే పారా లీగల్ వాలంటీరుగా, అంటే న్యాయవాది కాకుండానే న్యాయసహాయ పనుల్లో తోడ్పడే కార్యకర్తగా ఉన్నాను. విద్యార్థుల దరఖాస్తుల్లో ఏవి ముందుకు కదులుతాయో, ఏవి ఫైలు అడుగున మిగిలిపోతాయో అప్పుడు దగ్గరగా చూశాను.

పోలీసుల నుంచి జవాబు రాకపోవడాన్ని మీ అర్హతకు ముడిపెట్టుకోకండి. దర్యాప్తు జరుగుతున్నచోట బయటివారికి చట్టం స్థానం కల్పించలేదు. నేర విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహిత 192వ సెక్షన్ ప్రకారం, దర్యాప్తు అధికారి రోజువారీగా రాసుకునే కేసు డైరీని తెప్పించి చూపించమని నిందితుడే కోరలేడు. అటువంటప్పుడు ఒక విద్యార్థిని దర్యాప్తు అధికారి పక్కన కూర్చోబెట్టడానికి స్టేషన్ హౌస్ ఆఫీసరుకు ఇష్టమున్నా, పై నుంచి రాతపూర్వక ఉత్తర్వు లేకుండా ఆయన ఆ పని చేయలేడు. నేను కూడా ఒక పోలీసు కార్యాలయానికి దరఖాస్తు పెట్టాను, దానికి ఈనాటికీ జవాబు లేదు. అందుకే బయటివారు రావడం మామూలు వ్యవహారంగా ఉన్న కార్యాలయాన్ని ముందుగా ఎంచుకోవాలన్నది నా అభిప్రాయం.

జిల్లా కోర్టు ఉన్న చోటల్లా అటువంటి కార్యాలయం ఉంటుంది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద ఏర్పడిన జిల్లా న్యాయసేవాధికార సంస్థకు జిల్లా జడ్జి అధ్యక్షులుగా, ఒక న్యాయాధికారి కార్యదర్శిగా ఉంటారు. కార్యాలయం సాధారణంగా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. కస్టడీలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కును ఆ చట్టంలోని 12వ సెక్షన్ ఇచ్చింది కాబట్టి, అరెస్టు, రిమాండు, బెయిలు, జైలు అనే నాలుగు మెట్లూ ఆ ఒక్క కార్యాలయంలోని కాగితాల్లో కనిపిస్తాయి. పైగా అక్కడ రాసిపెట్టే మనుషులు ఎప్పుడూ తక్కువే.

ఈమెయిల్ మీద ఆధారపడకండి. కార్యదర్శిని సంబోధిస్తూ మీ శాఖాధిపతి లెటర్‌హెడ్ మీద రాసిన లేఖ, బోనఫైడ్ సర్టిఫికెట్, గుర్తింపు కార్డు నకలు, ఒక పేజీ మించని మీ దరఖాస్తు పట్టుకుని స్వయంగా వెళ్లి, ఆ కార్యాలయంలో ఉత్తరాలు తీసుకునే తపాలు విభాగంలో ఇచ్చి, మీ దగ్గరున్న రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, మీ పర్యవేక్షక అధ్యాపకుడి పేరు, గోప్యత పాటిస్తారన్న హామీ శాఖాధిపతి లేఖలోనే ఉండాలి. అవి లేకపోతే కార్యదర్శి మళ్లీ యూనివర్సిటీకి రాయవలసి వస్తుంది, ఆ రాత ఎన్నటికి జరుగుతుందో చెప్పలేం. ఇక మీ దరఖాస్తులో "ఏ పని ఇచ్చినా చేస్తాను" అని రాయకండి. వినయంగా ఉన్నట్టే ఉంటుంది, కానీ పని వెతికే భారాన్ని అధికారి మీదికి నెడుతుంది. నేను చూసినంతలో, "తెలుగులో అర్జీలు రాయగలను, ఎక్సెల్‌లో పట్టికలు తయారుచేయగలను, విచారణ ఖైదీల బెయిలు జాబితాలో సహాయపడగలను" అని రాసినవారికే పిలుపు త్వరగా వచ్చేది.

ఆ బెయిలు జాబితా గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తరగతి గదిలో చదివిన నేరన్యాయ వ్యవస్థ నాకు అర్థమైనది అక్కడే. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 నివేదిక ప్రకారం దేశంలోని ఖైదీల్లో 75.8 శాతం మంది విచారణ ఖైదీలే, అంటే ఇంకా శిక్ష పడనివారే. వారిలో బెయిలు మంజూరై కూడా బయటికి రాలేనివారు కొందరుంటారు. బెయిలు మంజూరైన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే ఆ సంగతి జైలు సూపరింటెండెంట్ న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఆదేశించింది. అలా వచ్చిన వివరాలను పట్టికగా రాసేటప్పుడు పేరు, క్రైమ్ నంబరు, సెక్షన్లు, ఉత్తర్వు తేదీ, పూచీకత్తు మొత్తం వరుసగా వెళ్లిపోతాయి. చివరిదైన "విడుదల కాకపోవడానికి కారణం" అనే గడి దగ్గర మాత్రం కలం ఆగుతుంది. ఇద్దరు జామీనుదారులు కావాలని ఉత్తర్వులో ఉంటుంది, ఆ మనిషేమో పొరుగు రాష్ట్రం నుంచి కూలికి వచ్చినవాడు, ఈ జిల్లాలో అతని కోసం సంతకం పెట్టేవారు ఒక్కరూ ఉండరు. ఆ గడిలో సరైన కారణం రాస్తేనే న్యాయసహాయ న్యాయవాది షరతు సడలించమని కోర్టులో పిటిషను వేయగలడు. "జామీను లేదు" అని రెండు మాటల్లో తేల్చేస్తే ఆ కాగితం అక్కడే ఉండిపోతుంది.

నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ లెక్కలు కూడా విద్యార్థులకు అప్పగించదగిన పనే. గతంలో ఏ నేరంలోనూ శిక్ష పడని వ్యక్తి, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే, మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు మినహా, కోర్టు అతన్ని బాండు మీద విడుదల చేయాలి. మూడేళ్ల గరిష్ఠ శిక్ష ఉన్న దొంగతనం కేసైతే ఏడాదికి ఆ గడువు వస్తుంది. అయితే ఒకటికి మించిన కేసులు పెండింగులో ఉంటే ఈ వెసులుబాటు వర్తించదు కాబట్టి, జైలు రికార్డునూ కోర్టు రికార్డునూ పక్కపక్కన పెట్టుకుని సరిచూడాలి. విసుగు పుట్టించే పనే, కానీ మీ ప్రాజెక్టు రిపోర్టుకు ఇంతకన్నా మంచి విషయం దొరకదు.

మిగతా దారుల గురించి క్లుప్తంగా. జైలులోనే ఇంటర్న్‌షిప్ కావాలంటే రాష్ట్ర జైళ్ల శాఖ అనుమతి కావాలి, వేసవి మొదలయ్యాక అడిగితే అది అందేసరికి మీ సెలవులు అయిపోతాయి. పిల్లల మీద వచ్చిన నేరారోపణలను విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డులో మేజిస్ట్రేట్‌తో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు సభ్యులుగా కూర్చుంటారు కనుక సోషల్ వర్క్ నేపథ్యం ఉన్నవారికి అది చక్కని చోటు. ఫోరెన్సిక్ ల్యాబులు సైన్సు విద్యార్థులకే నయం. ఢిల్లీ వెళ్లగలిగితే జాతీయ మానవ హక్కుల కమిషన్, పోలీసు పరిశోధన అభివృద్ధి బ్యూరో ప్రకటనలను గమనిస్తూ ఉండండి. ఏదీ కుదరకపోతే సెషన్స్ కోర్టులో క్రిమినల్ కేసులు నడిపే న్యాయవాది దగ్గర చేరడమూ చిన్న విషయమేమీ కాదు. అయితే యూనివర్సిటీ దాన్ని ఒప్పుకుంటుందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

చేరిన రోజే ఏం రాయవచ్చో, ఏం రాయకూడదో తేల్చుకోవాలి. నేరారోపణ ఎదుర్కొంటున్న పిల్లల వివరాలు బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్, లైంగిక నేరాల బాధితుల గుర్తింపు బయటపెట్టడాన్ని నేరాలకు శిక్షలు నిర్దేశించే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ నిషేధించాయి. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు; ఊరు, బడి, కుటుంబ వృత్తి రాస్తే చిన్న జిల్లాలో మనిషి ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. ఫైళ్లకు ఫోనులో ఫొటోలు తీయవద్దు. నా రిపోర్టును యూనివర్సిటీకి ఇచ్చేముందు కార్యదర్శి చదివి కొన్ని వాక్యాలు కొట్టివేశారు, అది ఇద్దరికీ మేలైంది.

ఇక వేళ సంగతి. మే నెలలో జిల్లా స్థాయి కోర్టుల్లో చాలావాటికి వేసవి సెలవులుంటాయి, అప్పుడు అత్యవసర పిటిషన్లను సెలవుల్లో పనిచేసే వెకేషన్ కోర్టులు వింటాయి. విచారణలు చూడాలని మీ కోరికైతే ఏప్రిల్‌లోనో జూన్‌లోనో కొన్ని వారాలు కలిసివచ్చేలా తేదీలు అడగండి. స్టైపెండు మీద ఆశ పెట్టుకోకండి, రానుపోను ఖర్చులు, భోజనం మీవే అనుకుని లెక్క వేసుకోండి. న్యాయాధికారుల బదిలీలు కూడా ఎక్కువగా వేసవి చుట్టుపక్కలే జరుగుతాయి కనుక, హాజరు పట్టిక మీద వారంవారం సంతకం చేయించుకుంటూ ఉండండి. మిమ్మల్ని చూడని కొత్త అధికారి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టడానికి ఆ పట్టిక ఒక్కటే ఆధారమవుతుంది.